మాస్కు గుర్తుల సెల్ఫీకి ప్రామాణిక విధానం

మహమ్మారి వేళ నర్సు ఏం చెయ్యాలో చెప్పే మార్గదర్శకాలకు కొదవ లేదు. గౌను ఎలా తొడగాలి, చేతులు ఎంతసేపు రుద్దాలి, వాడిన సూది ఏ డబ్బాలో వెయ్యాలి, అన్నిటికీ వార్డు గోడల మీద పోస్టర్లున్నాయి. ఫోటో ఎలా దిగాలో చెప్పే పోస్టరు మాత్రం ఏ గోడ మీదా లేదు. 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. ఆధునిక నర్సింగుకు బాట వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిన సందర్భం అది. ఆ ఏడాదే కోవిడ్ వచ్చిపడింది. సన్మాన సభలు సాగలేదు గానీ, మాస్కు ముఖం మీద వదిలిన గుర్తులు చూపిస్తూ నర్సులు సోషల్ మీడియాలో పెట్టే సెల్ఫీలు నిరాటంకంగా సాగాయి. అయితే అవి ఎవరికి తోచినట్టు వారు దిగినవి. వచ్చే సంక్షోభానికైనా ఒక పద్ధతి ఉండాలన్న సదుద్దేశంతో ఈ విధానాన్ని ప్రతిపాదిస్తున్నాం.

ముందుగా అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం, ముఖం మీద మాస్కు అచ్చులు. రక్షణ దుస్తులు విప్పడానికి ఒక వరస ఉంది. మొదట గ్లవ్స్, తర్వాత కళ్లద్దాలు, తర్వాత గౌను. గది బయటికొచ్చి తలుపు మూశాక ఆఖరున N95 మాస్కు. దాన్ని ముందువైపు ముట్టుకోకుండా, కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత తీయాలి. చివర మళ్లీ చేతులు శుభ్రం చేసుకోవాలి. ఫోను యూనిఫాం జేబులో ఉందనుకుందాం. అది గౌను లోపల ఉంటుంది కాబట్టి గౌను తీస్తే గానీ చేతికి రాదు. ముక్కు మీది గుర్తేమో మాస్కు తీస్తే గానీ కనబడదు. ఈ లెక్కన నియమం తప్పని నర్సు సెల్ఫీలో గౌను, గ్లవ్స్, కళ్లద్దాలు ఏవీ ఉండకూడదు. చెమటకు నుదుటికి అతుక్కుపోయిన జుట్టుతో, మామూలు యూనిఫాంలో, స్టోరు గది పక్కన నిలబడ్డ మనిషి మాత్రమే ఉండాలి. అలాంటి ఫోటోకు ఎన్ని లైకులొస్తాయో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే చలామణిలో ఉన్న నమూనా వేరు. గౌను ఒంటి మీదే ఉంటుంది. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కుతాయి. మాస్కు గడ్డం కిందికి దిగి, లోపలివైపు మెడ దగ్గర గౌనుకు రాసుకుంటుంది. గ్లవ్స్ తొడిగిన చేతిలో ఫోను. ఒక్క ఫ్రేములో నాలుగు తప్పులు. ఇన్ఫెక్షన్ కంట్రోల్ పాఠం చెప్పేవాళ్లు దీన్ని అచ్చేసి తరగతి గదిలో తగిలించుకోవచ్చు, విడిగా బొమ్మలు గీయించే ఖర్చు తప్పుతుంది.

అచ్చుల స్వరూపం కూడా పరీక్షించదగ్గదే. N95 అయితే ముక్కు దూలం మీద, బుగ్గల మీద విల్లులా వంగిన గీత పడుతుంది. కళ్లద్దాల గుర్తులు నుదుటి మీద, బుగ్గ ఎముకల మీద పడతాయి. మామూలు సర్జికల్ మాస్కు నొక్కితే చెవుల వెనకే, ముక్కు మీద అంత ముద్ర వెయ్యదు. కాబట్టి చేతిలో సర్జికల్ మాస్కు, ముఖం మీద N95 గుర్తు ఉన్న ఫోటో వేసేవాళ్లు కొంచెం జాగ్రత్త పడాలి.

ఆ ఎర్రటి మచ్చను వేలితో నొక్కి చూడండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పరవాలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే అది ఒత్తిడి పుండు మొదటి దశ. ఇదే మచ్చ రోగి నడుము కింద కనబడితే ఈ నర్సే దశ రాస్తుంది, వెడల్పు సెంటీమీటర్లలో కొలుస్తుంది, రెండు గంటలకోసారి పక్క మార్చాలని చార్టులో పెడుతుంది, సంఘటన నివేదిక నింపుతుంది. అదే తన ముక్కు మీదైతే అంకితభావం అంటుంది. సైజు కుదరని మాస్కు ఇచ్చారనీ, మాస్కు ముఖానికి సరిగా అతుకుతోందో లేదో చూసే ఫిట్ టెస్ట్ చెయ్యలేదనీ, గాలి లీకవుతుంటే పట్టీ మరీ బిగించుకోవాల్సి వచ్చిందనీ, గంటల తరబడి విరామం దొరకలేదనీ రాయడానికి ఒక ఫారం ఉంది. ఫారానికి ఫిల్టర్లు ఉండవు, అదే దాని లోపం.

నర్సులు ఆడి పెట్టే డాన్సు వీడియోలకు మేం వ్యతిరేకం కాదు. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లు ఇంకా ఆడగలుగుతున్నాయంటే సంతోషించాల్సిందే. కాకపోతే కొన్ని సాంకేతిక ఇబ్బందులున్నాయి. ఎనిమిది మంది పూర్తి రక్షణ కిట్లలో ఆడితే ఎనిమిది కిట్లు ఖర్చు. ఆ కిట్లతోనే తిరిగి వార్డులోకి వెళితే మాస్కు చెమటకు తడిసి ఊపిరాడటం కష్టమవుతుంది, తడిసిన మాస్కు మార్చాల్సిందే. పాట ఎంపికలో మాత్రం ఒక సలహా. నిమిషానికి 100 నుంచి 120 దెబ్బలున్న పాట తీసుకుంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే వేగం కూడా అలవాటవుతుంది. లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. ఇక చేతులు కడగడం మీద అవగాహన వీడియో చేద్దామంటే నిడివి అడ్డొచ్చేది. 2020లో రీలు మొదలైనప్పుడు 15 సెకన్లే, సబ్బుతో సరిగా కడగడానికి 40 నుంచి 60 సెకన్లు. అందుకే తెర మీద అందరూ అరచేతులు రుద్దారు, బొటనవేళ్ల దాకా ఎవరూ రాలేదు.

కాగితం ముక్కల మీద తలా ఒక మాట రాసి వరసగా పట్టుకునే ఫోటో ఇంకో రకం. సెల్ఫీ కెమెరాతో తీస్తే అక్షరాలు తిరగబడే ప్రమాదం ఉంది, వరసలో ఒకరు తప్పు చోట నిలబడితే ఇంట్లో ఉండమన్న సందేశం బయటికి రమ్మన్నట్టు తయారవుతుంది. అసలు చిక్కు కాగితంతోనే. దాన్ని మందుతో తుడవలేం. ఐసొలేషన్ గదిలోకి వెళ్లిన కాగితం చెత్త సంచిలోకి తప్ప మరెక్కడికీ రాకూడదు.

చనిపోయిన రోగుల గురించి రాసే కన్నీళ్ల కథనాల దగ్గర మాత్రం హాస్యం కాస్త తగ్గించుకోవాలి. "పేరు రాయలేదు కదా" అంటారు రాసినవాళ్లు, నిజాయితీగానే. వయసు రాశారు, వృత్తి రాశారు, పిల్లలెందరో రాశారు, రోగి చనిపోయిన రాత్రి ఏదో రాశారు. ఆస్పత్రి పేరు ప్రొఫైల్లోనే ఉంది. ఇక ఊళ్లోవాళ్లకు పేరుతో పనేముంది? తండ్రి ఆఖరి మాట కూతురికి నర్సు ఫోను ద్వారా తెలియాలి గానీ, ఎవరో షేర్ చేసిన పోస్టు ద్వారా కాదు. ఫోటో జత చేసేవాళ్లు రోగి ముఖం మీద గుండె బొమ్మ అతికిస్తారు. మణికట్టు పట్టీ, మానిటర్ మీది పేరు, వెనక తెల్లబోర్డు మీద పడకల వారీ జాబితా మాత్రం స్పష్టంగా చదువుకోవచ్చు.

ఇంత శ్రమించినా అసలు పని ఒక్కటీ ఫోటోకు చిక్కదు. వెంటిలేటర్ మీదున్న రోగిని బోర్లా తిప్పడమే చూడండి. కనీసం అయిదుగురు కావాలి. తల దగ్గర ఒకరు, శ్వాస గొట్టం జారకుండా పట్టుకుని, ఆమె లెక్క పెడితేనే మిగతావాళ్లు కదలాలి. అంతకుముందే ముక్కు గొట్టం ద్వారా వెళ్లే ఆహారం ఆపాలి, కఫం తీయాలి, ఛాతీ మీది తీగలు వీపుకు మార్చాలి, కళ్లకు మందు రాసి రెప్పలు మూయాలి. తర్వాత 12 నుంచి 16 గంటలు అలాగే ఉంచి, మధ్య మధ్యలో తల పక్కకు మార్చాలి. శ్వాస గొట్టం చుట్టూ గాలితో ఉబ్బే బుడగలో (కఫ్‌లో) ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానంగా ఉందో లేదో చూడాలి. గంటగంటకూ మూత్రం మిల్లీలీటర్లలో కొలవాలి. నోరు శుభ్రం చెయ్యాలి. ఇవి చేస్తున్నప్పుడు రెండు చేతులూ రోగి మీదే ఉంటాయి. కాబట్టి సోషల్ మీడియాలో మనకు కనిపించేది ఆ క్షణాన ఒక చెయ్యి ఖాళీగా ఉన్న నర్సు మాత్రమే. గౌను వెనక ముడి వేసి, ఫోటో తీసి, నేల తుడవడానికి వెళ్లిపోయిన మనిషి ఎలాగూ ఫ్రేములో లేరు.

ఈ బొమ్మల పిచ్చి ఇప్పటిది కాదులెండి. 1855లో ఒక లండన్ పత్రిక నైటింగేల్‌ను దీపంతో వేసింది. క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవ చేసి తిరిగొచ్చి 1858లో ఆమె వేసిన బొమ్మ వేరు. గాయాల కన్నా నివారించదగ్గ రోగాలతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని రంగురంగుల చక్రాల పటాల్లో లెక్క చూపించింది. లోకానికి దీపమే గుర్తుంది. పాలకులకైతే దీపమే సుఖం కూడా, అది జవాబు అడగదు.

ఆస్పత్రి యాజమాన్యాలకూ ఈ సంగతి తెలుసు. ముఖాన గీతలున్న నర్సు ఫోటోను బ్యానర్ చేసి గేటుకు కట్టడానికయ్యే ఖర్చు ఇంకో నర్సును పెట్టుకోవడానికయ్యే ఖర్చులో ఏ మూలకీ రాదు. వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలని లెక్క. దేవత బిరుదు ఇచ్చాక ముగ్గుర్ని అప్పగించినా దేవత ఓవర్‌టైమ్ అడగదని ఒక నమ్మకం.

అందుచేత మా విధానంలో ఆఖరి అంశంగా ఒక నమూనా పోస్టు జతపరుస్తున్నాం. ఫోటో అక్కర్లేదు, అంకెలు ఎవరివి వారు నింపుకోవాలి. "ఈ రాత్రి మా ఐసీయూలో వెంటిలేటర్లు 9, నర్సులు 4. N95 తలా ఒకటి, నిన్నటిదే. గౌన్లు తెల్లవారుజాము 3 దాకానే సరిపోతాయి." ఇంతే, ఎమోజీలు వద్దు. దీనికి మూడు స్పందనలు రావచ్చని అంచనా. ఒకటి చెల్లెలిది. రెండోది పగటి డ్యూటీ నర్సుది. మూడోది పైన యాజమాన్యం గది నుంచి వస్తుంది. అది లైకు కాదు, స్క్రీన్‌షాట్.