గుట్ట మీది బాటకు సిమెంటు పొయ్యకండి

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల కింద బైకులు, కార్లు బారులు తీరి ఉంటాయి. అనంతగిరికి పోయే వికారాబాద్ రోడ్డుదీ అదే వరస. జిమ్ములకు, అపార్టుమెంటు క్లబ్ హౌసుల్లో ట్రెడ్‌మిల్లులకు లోటు లేని ఈ ఊళ్లో జనం నిద్ర మానుకుని ముళ్లకంపల మధ్య, గులకరాళ్ల మీద నడవడానికి ఎందుకొస్తున్నారని అడిగితే, వాడుకలో ఉన్న జవాబు ఒక్కటే: ఆరోగ్యం. ఆ జవాబు చాలదు. కేబీఆర్ పార్కు చుట్టూ బయట ఫుట్‌పాత్ మీద పైసా ఖర్చు లేకుండా నడవొచ్చు. అయినా టికెట్ కొనుక్కుని లోపలి మట్టిబాట పట్టేవాళ్లు తగ్గడం లేదు. గుండెకు, షుగరుకు రెండు నడకలూ దాదాపు ఒకటే. తేడా కాలికింద ఉంది. ఎవరూ చదును చేయని నేల కోసం మనుషులు గుట్టలెక్కుతున్నారు. అభివృద్ధి పేరిట మనం ముందుగా చెరిపేస్తున్నదీ ఆ నేలనే.

సిమెంటు ట్రాక్ మీద ప్రతి అడుగూ వెనకటి అడుగు లాంటిదే. పాదం ఒకే కోణంలో పడుతుంది, కంటికి పనుండదు. ఖాళీ దొరికిన మనసు ఆఫీసు మెయిళ్ల దగ్గరికి, పిల్లల ఫీజుల దగ్గరికి పోతుంది. గుట్ట మీద ఆ ఖాళీ దొరకదు. ఏ రాయి నిలుస్తుందో, ఏది కదులుతుందో రెండు మూడు అడుగుల ముందే కన్ను చూసిపెట్టుకోవాలి. చీలమండ చుట్టూ ఉన్న చిన్న కండరాలు అడుగడుగుకూ కొత్తగా సర్దుకోవాలి. అంతే దూరానికి ఒంటికి శ్రమ ఎక్కువ, విసుగు మాత్రం తక్కువ. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొందరిని గంటన్నర పాటు చెట్లు, గడ్డి ఉన్న చోట, మరికొందరిని రద్దీ రోడ్డు పక్కన నడిపించి చూశారు. బాధను పదేపదే నెమరువేసుకునే అలవాటు మొదటి వాళ్లలో తగ్గింది, రోడ్డు పక్కన నడిచినవాళ్లలో తగ్గలేదు. ఈ ఫలితాన్ని అందరూ పచ్చదనం ఖాతాలో వేస్తారు. పచ్చదనానికి వాటా ఉంది, కాదనను. కానీ మన గుట్టల మీద వేసవిలో పచ్చదనం ఎంతుంటుంది? ఎండిన గడ్డి, ఆకు రాలిన పాలకొడిశె, బండలు. అప్పుడు కూడా జనం వస్తున్నారంటే వాళ్లను రప్పిస్తున్నది బాట అప్పగించే పనే.

ఆ పని ఎలాంటిదో ఇక్కడి రాయిని చూస్తే తెలుస్తుంది. హైదరాబాద్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తిపెట్టినట్టు కనిపించే గుండ్లను నిజానికి ఎవరూ పేర్చలేదు. నేల లోపల ఉండగానే పగుళ్ల వెంట నీరు దిగి మూలలు అరిగాయి, పై మట్టి కొట్టుకుపోయాక అవి బయటపడ్డాయి. ఎండిన గరుకు బండ ఎక్కేటప్పుడు బూటు అడుగు మొత్తం ఆనాలి. మునివేళ్ల మీద ఎక్కితే ఆనే జాగా తగ్గి కాలు జారుతుంది. దిగేటప్పుడు చాలామంది భయంతో వెనక్కి వాలతారు, జారిపడేది అప్పుడే. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు పాదాల మీదే ఉంచి, చిన్న అడుగులు వేయాలి. నున్నటి బండ కంటే దాని మీద రాలిన గరుసు ప్రమాదకరం. జొన్నగింజలంత పలుకులు బూటు కింద దొర్లి మనిషిని కూలేస్తాయి. వానాకాలంలో బండ మీద నల్లటి చారలు కనిపిస్తే అది నీళ్లు దిగే దారి. అక్కడ నాచు పట్టి ఉంటుంది, ఎంత ఖరీదైన బూటైనా నిలవదు, చుట్టు తిరిగి పోవాల్సిందే.

ఎండాకాలం ఎనిమిదిన్నరలోపు కిందికి దిగాలి. ఆ తర్వాత వేడి పైనుంచే కాదు, బండలోంచి కూడా కొడుతుంది. మనిషికి గంటకు అర లీటరు నీళ్లకు తగ్గకూడదు. బండ సందుల్లో చెయ్యి పెట్టకూడదు, పింజర జాతి పాములు పగలు రాళ్ల కిందే ఉంటాయి. పొడుచుకొచ్చిన అంచుల కింద తేనెపట్టు ఉంటే పొగ, కేకలు పనికిరావు. ఇవన్నీ కాలికీ కంటికీ అలవాటయ్యాక మనిషి ఆ గుట్టను వదలడు. ఫిబ్రవరిలో మోదుగ ఎక్కడ పూస్తుందో, వానలయ్యాక తంగేడు ఏ వైపు విరగబూస్తుందో, జత కట్టే కాలంలో ఎర్రగా రంగు తిరిగిన మగ తొండ ఏ బండ అంచున కూర్చుని తల ఊపుతుందో అతనికి తెలిసిపోతుంది. ఊళ్లో ఇంటి కిరాయి కట్టే చోటు కంటే ఆ గుట్టే అతనికి ఎక్కువ సొంతమవుతుంది.

ఇక ఒక బాటకు పేరొస్తే జరిగేదేమిటో అందరికీ తెలుసు. ఎనిమిదడుగుల వెడల్పున పేవర్ బ్లాకులు, స్టీలు రెయిలింగు, దీపస్తంభాలు, పేరు రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. అందం మాట అటుంచితే, ఏటవాలు నేల మీద ఈ పని నిలవదు కూడా. పేవర్ వేసిన వెడల్పంతా వాననీటిని పట్టి ఒక అంచుకు తోస్తుంది. ఆ నీరు వేగం పుంజుకుని అంచు కింది మట్టిని తోడేస్తుంది, ఇసుక పరుపు కొట్టుకుపోయి బ్లాకులు కుంగుతాయి. కుంగిన చోటు తప్పించుకోవడానికి జనం పక్కనుంచి నడుస్తారు, అక్కడ కొత్త గండి పడుతుంది.

మట్టిబాట బాగోగులకు వేరే విద్య ఉంది. బాట వెడల్పు రెండు మూడు అడుగులు చాలు. లోయ వైపుకు కొద్దిగా వాలు ఉండాలి, మీటరు వెడల్పుకు ఐదు సెంటీమీటర్లు దిగితే వాననీరు బాట వెంట పారకుండా అడ్డంగా దాటిపోతుంది. బాట ఎక్కుడు గుట్ట వాలులో సగానికి మించకూడదు. మించితే బాటే కాలువ అవుతుంది. పొడవాటి ఎక్కుళ్లలో నీరు ఊపందుకునే లోపల ఒక చిన్న దిగుడు పెట్టాలి, నీరు అక్కడ బయటికి పోతుంది. ఎప్పుడూ తడిగా ఉండే చోట అక్కడి బండరాళ్లనే చదునైన ముఖం పైకి ఉండేలా పాతాలి. మలుపులు కోసుకుని అడ్డదారిన దిగే చోట తుమ్మకంప, నాలుగు గుండ్లు అడ్డం పెట్టాలి. లేకపోతే ఆ అడ్డదారి రెండు వానలకే వాగు అవుతుంది. గడ్డపార, పార, తట్ట పట్టిన నలుగురు మే చివర ఒకసారి, అక్టోబరులో ఒకసారి తిరిగితే ఏడాది గడిచిపోతుంది. దీనికి పెద్ద టెండరు అక్కర్లేదు. పెద్ద టెండరు లేని పని మన దగ్గర వరసలో ముందుకు రాదు, అసలు చిక్కు ఇదే.

మరి వయసు మళ్లినవాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, ఒంటరిగా నడిచే ఆడవాళ్లు ఏం కావాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చదునైన ట్రాక్, దీపాలు, మరుగుదొడ్డి, కాపలా అన్నీ గేటు దగ్గర, మొదటి అర కిలోమీటరులో పెట్టండి, బాగా పెట్టండి. దాని కోసం గుట్ట శిఖరం దాకా సిమెంటు పొయ్యక్కర్లేదు.

సిమెంటు కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది, బాట మొత్తంగా మాయమవడం. చెరువుకు ఈ నగరంలో కనీసం కాగితం మీద గీత ఉంది. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే హద్దు) ఉంది, పది హెక్టార్లు దాటిన చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్న చెరువు చుట్టూ 9 మీటర్లు కట్టడాలు కట్టకూడని బఫర్ ఉంది. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఆ గీతలు ప్రతి ఇంట్లో చర్చకు వచ్చాయి. రాళ్లకు కూడా ఒకప్పుడు రక్షణ ఉండేది. 1981 జోనింగ్ (ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే) నిబంధనల్లోని 13వ నిబంధన కింద కొన్ని శిలా సముదాయాలు వారసత్వ జాబితాలో చేరాయి, 2015లో ఆ నిబంధననే తీసేశారు. బాటకైతే ఏ గీతా లేదు.

పాత గ్రామ నక్షల్లో మాత్రం ఉంది. బండ్లబాట, కాలిబాట రెండూ వాటిలో గీసి ఉంటాయి. పొలం లేఅవుట్ అయ్యేసరికి, లేఅవుట్ గేటెడ్ కమ్యూనిటీ అయ్యేసరికి ఆ గీత ప్రహరీ కిందికి పోతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఒకరి భూమి మీద మరొకరికి ఉండే వాడుక హక్కుల) చట్టం 20 ఏళ్లు అడ్డంకి లేకుండా వాడుకున్న దారి మీద హక్కును గుర్తిస్తుంది, ప్రభుత్వ భూమి అయితే 30 ఏళ్లు. అది పొలానికి పోవాల్సిన పక్క భూయజమానికి పనికొచ్చే హక్కు. గుట్ట మీదికి నడిచే జనానికి ఆచారం పేరిట వాదించుకునే అవకాశం ఉన్నా, కోర్టులో అడుగడుగునా రుజువు చేసుకోవాలి.

నడిచేవాళ్లు లేని నేలకు సాక్షులుండరు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపింది. అంతకు ముందు ఆ నేలలో ఏముందో లోకానికి చెప్పినవాళ్లలో రోజూ అక్కడ తిరిగిన ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులున్నారు. ఏ కుంట దగ్గర నెమళ్లు దిగుతాయో, పుట్టగొడుగు బండ ఎక్కడుందో వాళ్లకు తెలుసు కాబట్టే అది పడావు భూమి అన్న మాట నిలవలేదు. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ జనాన్ని రాళ్ల దగ్గరికి నడిపించుకుని వెళ్తున్నదీ ఇందుకే. ముందు కాళ్లు తిరగాలి, పిటిషన్ ఆ తర్వాత వస్తుంది.

అందుకని ఖాజాగూడ, మౌలాలి, గండిపేట చుట్టుపక్కల, అనంతగిరి, ఇలా జనం ఇప్పటికే తొక్కిన బాటలన్నిటినీ జీపీఎస్‌తో కొలిపించి, పాత గ్రామ నక్షలతో సరిచూసి, మూడు మీటర్ల వెడల్పున హద్దు నోటిఫై చేయాలి. లేఅవుట్ అనుమతి కోరేవాళ్లు తమ స్థలంలో చెరువు, నాలా ఎక్కడున్నాయో ప్లానులో చూపించాల్సిందే. అదే ప్లానులో కాలిబాటను కూడా చూపించాలని, దాని మీద గోడ లేపితే అనుమతి రద్దవుతుందని రాయాలి.