ముట్లుడిగే ఏళ్లు: చైనా మందుల కంటే ముందు చైనా ప్రశ్నలు

మునుగోడు, దేవరకొండ ప్రాంతాల పత్తి చేలలో పని చేసే నలభై అయిదేళ్ల స్త్రీ ఉన్నట్టుండి కొంగుతో మెడ తుడుచుకుని "ఒంట్లకెల్లి సెగలొస్తున్నయ్" అంటే, పక్కవాళ్లు అది ఎండ దెబ్బనో, వేడి చేసిందనో అంటారు. డిసెంబరు చలిలో తెల్లవారుజామున అదే సెగకు దుప్పటి తోసేసి లేచి కూర్చున్నప్పుడు మాత్రం ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. ముట్టు పూర్తిగా ఆగిపోవడానికి ముందు కొన్నేళ్ల పాటు అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక క్రమం లేకుండా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. సెగలు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు, కీళ్ల నొప్పులు, క్రమం తప్పిన ముట్టు, కొన్నిసార్లు విపరీతమైన రక్తస్రావం ఆ కాలపు లక్షణాలు. వరసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతేనే ముట్లుడిగినట్లు లెక్క. అంతకు ముందున్న ఈ ఏళ్లను వైద్యులు పెరిమెనోపాజ్ అంటారు. మన ఊళ్లలో ఈ కాలానికి విడిగా పేరు లేదు. అందుకే బాధ ఏదైనా అందరి చూపూ గర్భసంచి మీదికే పోతుంది.

ఆ చూపు ఎక్కడికి దారి తీసిందో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, తెలంగాణలో 8 శాతం దాకా ఉన్నారు. మా చిన్నమ్మకు ముప్పై ఎనిమిదో ఏట పట్నంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "పెద్దాపరేషన్" చేశారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారన్న సంగతి, అలా తీస్తే ముట్లుడిగే దశ మెల్లగా కాక ఒక్కసారిగా మీద పడుతుందన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండేళ్ల పాటు నిద్ర లేక, ఒళ్లు మంటలతో వేగిపోయిన తరువాత, ఎవరో చెబితే హైదరాబాదులో చైనా పద్ధతిలో సూదులు గుచ్చే ఒక వైద్యురాలి దగ్గరికి వెళ్లింది. తిరిగి వచ్చాక ఆమె సూదుల గురించి పెద్దగా మాట్లాడలేదు. "గిన్ని సంగతులు నన్ను అడిగినోళ్లు ఇంతవరకు లేరు బిడ్డా" అన్నది. ఈ వ్యాసానికి మూలం ఆ మాటే.

చైనా సంప్రదాయ వైద్యంలో ఈ కాలానికి పేరుంది: గెంగ్‌నియన్‌చి, అంటే ఏళ్లు మారే కాలం. రెండు వేల ఏళ్ల కిందటి హువాంగ్‌దీ నైజింగ్ గ్రంథం స్త్రీ జీవితాన్ని ఏడేసి ఏళ్ల అంచెలుగా లెక్కించి, ఏడేళ్లు ఏడుసార్లు, అంటే 49వ ఏట ముట్టుకు ఆధారమైన సారం హరించుకుపోతుందని చెప్పింది. ఆ వైద్యం ప్రకారం ఈ దశలో తరిగేది మూత్రపిండాల శక్తి. అందులోని చలువ గుణం తగ్గితే వేడి పైకి తన్ని సెగలు, రాత్రి చెమటలు వస్తాయి. వేడి చేయడం, చలువ చేయడం అనే లెక్కలతో పెరిగిన మనకు ఈ ఆలోచన పరాయిగా తోచదు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ వైద్యంలో మూత్రపిండం అంటే ఎదుగుదల, సంతానం, ముసలితనం వంటివాటిని నడిపే ఒక శక్తికి పెట్టిన పేరే తప్ప, స్కానింగులో కనిపించే కిడ్నీ కాదు. ఈ తేడా విప్పి చెప్పకుండా "మీ కిడ్నీ బలహీనపడింది" అంటే, తరతరాలుగా ఫ్లోరైడు నీళ్లు తాగిన పల్లెల్లో ఆ మాట ఎంత భయం పుట్టిస్తుందో ఊహించవచ్చు.

నన్ను నిజంగా ఆకట్టుకున్నది ఆ సిద్ధాంతం కంటే, రోగిని అడిగే తీరు. మింగ్ రాజవంశ కాలంలో, 1563లో పుట్టిన జాంగ్ జింగ్‌యుయె అనే వైద్యుడు, రోగిని ఏమేమి అడగాలో విద్యార్థులు కంఠతా పట్టేందుకు పది ప్రశ్నలుగా పద్యం కట్టాడు. మొదట చలి, వేడి గురించి అడగాలి, రెండోది చెమట, మూడోది తల, ఒళ్లు, నాలుగోది మలమూత్రాలు, అయిదోది తిండి. అలా సాగే ఆ పాఠంలో స్త్రీలను ముట్టు గురించి తప్పక అడగాలన్న మాటను తరువాతి వైద్యులు చేర్చారు. చెమట ఎప్పుడు పడుతుంది, పగలా రాత్రా, పట్టాక చలేస్తుందా, నిద్ర ఏ జాముకు తెగుతుంది అని అడిగితే చాలు, ముట్లుడిగే దశ దానంతట అదే బయటపడుతుంది. గ్లూకోజు బాటిలు ఎక్కించి బలం ఇంజెక్షను వేసి పంపే చోట గానీ, చీటీ రాసి నేరుగా స్కానింగుకు పంపే చోట గానీ ఈ ప్రశ్నలు వినపడవు.

ఇక సూదుల ఫలితం గురించి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. 2016లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో 327 మంది స్త్రీలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి చైనా పద్ధతిలో అసలు సూదులు గుచ్చారు; రెండో భాగానికి చర్మంలోకి దిగని మొద్దు సూదులతో గుచ్చినట్లు చేశారు. రెండు భాగాల వారిలోనూ సెగలు దాదాపు 40 శాతం తగ్గాయి, తేడా ఏమీ కనపడలేదు. అదే ఏడాది అమెరికాలో 209 మందిపై జరిగిన మరో పరిశోధనలో, ఏ సూదులూ లేనివారితో పోలిస్తే సూదులు వేయించుకున్నవారికి స్పష్టమైన ఉపశమనం దొరికింది. రెంటినీ కలిపి చదివితే నాకు అర్థమైనది ఇది: ఉపశమనం నిజమే, కానీ అది సూది మొన నుంచి కాక, వారం వారం ఒకరు కూర్చోబెట్టి, అడిగి, అరగంట పడుకోబెట్టడం నుంచి వస్తూ ఉండవచ్చు. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో సెగలకు ఆక్యుపంక్చరును, అంటే ఈ సూదుల వైద్యాన్ని, మూలికలను సిఫారసు చేయలేదు. ఆలోచనా తీరును మార్చే మానసిక చికిత్సను సిఫారసు చేసింది.

మూలికల విషయంలో నేను ఇంకా గట్టిగా చెబుతాను. 22 పరీక్షలను, 2,902 మంది స్త్రీల వివరాలను 2016లో పరిశీలించిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్షకు, చైనా మూలికలు ఉత్తుత్తి మందు కంటే మేలని చెప్పేందుకు చాలినంత ఆధారం దొరకలేదు. ఈ దశకు పేరుపొందిన ఎర్ షియన్ తాంగ్ కషాయంలో ఆరు మూలికలు ఉంటాయి. వాటిలో మొదటిది మన నల్లమలలో కూడా దొరికే నేలతాడి గడ్డే. దూరం నుంచి వచ్చిన పొట్లం మీద ఉన్న గౌరవం పక్క అడవి గడ్డ మీద లేకపోవడం సరే, అసలు భయం వేరు. దాంగ్ గుయీ అనే వేరు రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్రలతో కలిస్తే రక్తస్రావం కావచ్చు. చాలా చైనా కషాయాల్లో ఉండే అతిమధురం ఎక్కువ రోజులు తీసుకుంటే రక్తపోటు పెరుగుతుంది. ఈ వయసులో బీపీ మాత్రలు మింగేవారు మనలో ఎందరో. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడేందుకు ఇచ్చిన చైనా మూలికలలో ఒకదానికి బదులు మరొకటి కలవడంతో వంద మందికి పైగా స్త్రీల కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఫోనులో ప్రకటన చూసి తెప్పించుకునే పొడిలో ఏముందో ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

మన నేలకు సంబంధించిన సమస్య ఒకటుంది. ఈస్ట్రోజెన్ తగ్గే కొద్దీ ఎముకలు గుల్లబారతాయి, కీళ్లు పట్టేస్తాయి. నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు పల్లెల్లో ఫ్లోరైడు నీళ్ల వల్ల వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్ కూడా అవే కీళ్లను, నడుమును పట్టుకుంటుంది. ఆ రెండింటినీ విడదీసి చూడాలంటే చిన్నప్పటి నుంచి ఏ నీళ్లు తాగిందో, ముట్టు ఎప్పుడు తప్పిందో రెండూ అడగాలి. రాగి అంబలి, పొట్టు తీయని నువ్వులు, మజ్జిగ కాల్షియానికి మంచివే. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది కాబట్టి, ముట్టు విపరీతంగా పోతుంటే కషాయంతోనో సూదులతోనో నెలలు గడపకూడదు. ఏడాది ఆగాక మళ్లీ కనిపించిన చుక్క రక్తమైనా వెంటనే పరీక్ష చేయించుకోవలసిందే. సెగలు భరించలేనివారికి హార్మోన్ చికిత్స ఉంది. రొమ్ము క్యాన్సరు, రక్తం గడ్డకట్టే జబ్బు వంటివి ఉన్నాయేమో చూసి వైద్యులు దాన్ని నిర్ణయిస్తారు.

2023 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్కులు మంగళవారాల్లో స్త్రీలకోసమే పని చేసేలా రూపొందాయి. ముట్లుడిగే దశ సమస్యలను కూడా వాటి సేవల్లో చేర్చారు. అక్కడి ఓపీ చీటీ మీద ఇంకో నాలుగు గళ్లు గీయించాలని నేను కోరుతున్నాను: చివరి ముట్టు ఎప్పుడు, రాత్రి చెమటలు పడుతున్నాయా, నిద్ర ఎన్ని గంటలు, గర్భసంచి తీసి ఉంటే అండాశయాలు ఉంచారా తీశారా. ఆ గళ్లు నింపే పని ఆశా కార్యకర్తకు లేదా ఏఎన్ఎంకు అప్పగిస్తే, డాక్టరు ముందు కూర్చునే సరికి ఆ స్త్రీ బాధ కాగితం మీద ఉంటుంది. చివరి గడికి జవాబు మా చిన్నమ్మకు తెలియదు; ఆపరేషను కాగితాలు వెతికించి, చదివించి నింపవలసి వస్తుంది.