ఘాట్‌లో ఆగిన బండి దగ్గరికి రాని సాయానికి డబ్బెందుకు కట్టాలి?

"మీ సర్వీసు రిక్వెస్టు విజయవంతంగా పూర్తయింది, మాకు రేటింగ్ ఇవ్వండి" అని మా తమ్ముడి ఫోన్‌కు ఇందాకే మెసేజ్ వచ్చింది. చూసినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది. ఏం పూర్తయింది? ఎవరొచ్చారు? నిన్న రాత్రి పీలేరు-తిరుపతి దారిలోని భాకరాపేట ఘాట్‌లో వాడి బైకు ఆగిపోతే, దారిలో ఆగిన బండికి వచ్చి సాయం చేస్తామని రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పేరుతో డబ్బు కట్టించుకున్నవాళ్ల తరఫున ఒక్క మనిషి కూడా ఆ రోడ్డు మీదికి రాలేదు.

వాడు మదనపల్లె నుంచి వస్తున్నాడు. ఘాట్ సగం దిగాక మీటర్ లైట్లు మసకబారి ఇంజన్ ఆగిపోయింది. ఇప్పటి బండ్ల సంగతి మీకు తెలిసిందే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లే, పెట్రోల్ పంపు కూడా కరెంటుతోనే పనిచేస్తుంది కాబట్టి బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసి గేరు వేసినా లేవదు, హెడ్‌లైట్ కూడా వెలగదు. న్యూట్రల్‌లో దిగిపోవచ్చుగా అని ఇంట్లో కూర్చుని చెప్పేవాళ్లు ఒకసారి ఆ మలుపులు చీకట్లో చూసి రండి. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్‌కు అక్కడ ఒక మనిషి ఉన్నాడని కూడా తెలియదు. చుట్టూ శేషాచలం అడవి, ఏనుగులు తిరిగే చోటు. "అన్నా, మలుపు కాడ నిలబడుండా, ఎవురూ కనపడలేదు" అని వాడు ఫోన్ చేస్తే ఇక్కడ మా అమ్మ అన్నం కంచం పక్కకు నెట్టేసింది.

వాడు హెల్ప్‌లైన్‌కు చేస్తే ముందు హిందీ. ఆ తర్వాత తెలుగు వచ్చిన అమ్మాయికి కలిపారు. ఆమెను నేనేమీ అనను, తన ముందు రాసిపెట్టిన ప్రశ్నలే ఆమె అడుగుతుంది. లొకేషన్ షేర్ చేయండి సార్. నెట్ లేదమ్మా, మాట వినపడడమే కష్టంగా ఉంది. పిన్‌కోడ్ చెప్పండి సార్. ఘాట్ మలుపులో నిలబడినవాడికి పిన్‌కోడ్ ఎక్కడ తెలుస్తుంది? దగ్గర్లో ఏదైనా షాపు గుర్తు చెప్పండి సార్. అడవిలో షాపు! చివరికి తిరుపతి నుంచి బండి పంపుతామని, రెండు మూడు గంటలు పట్టొచ్చని, ఉచిత కిలోమీటర్లు దాటితే మిగతాది మీరే కట్టుకోవాలని చెప్పి పెట్టేశారు. మళ్లీ చేస్తే లైను బిజీ.

వాణ్ణి ఇంటికి చేర్చింది ఒక పికప్ డ్రైవర్. పీలేరులో సరుకు దించి ఖాళీగా తిరుపతికి పోతున్నాడు. "రాత్రిపూట ఈడ నిలబడొద్దబ్బయ్యా, పైకి ఎక్కించు" అని తనే దిగి, వెనక తలుపు దించి, బండిని ఇద్దరూ కలిసి ఎత్తి, తాడుతో హ్యాండిల్‌కు రెండు పక్కలా లాగి కట్టి, సైడ్ మిర్రర్ విరగకుండా తన తువ్వాలు అడ్డం పెట్టి చంద్రగిరిలో దించాడు. డబ్బు ఇవ్వబోతే "నేను ఎట్లైనా పోయేదే కదప్పా" అన్నాడట. ఏ కంపెనీకీ, ఏ పాలసీకీ సంబంధం లేని మనిషి.

ఇప్పుడు అందరూ నన్ను అడిగే మాటకు వస్తాను, ఈ కవర్ తీసుకోవాలా వద్దా అని. తిరుపతి ఊళ్లోనే, మహా అయితే రేణిగుంట దాకా తిరిగే పెట్రోల్ బండికి వద్దు. కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో బండి ఆగితే నాలుగడుగులు తోస్తే మెకానిక్ దొరుకుతాడు. ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే తీసుకోండి, దాన్ని రోడ్డు పక్క మెకానిక్ ముట్టుకోడు, షోరూమ్ దాకా మోసుకుపోవాల్సిందే. చెన్నైకో, మొగిలి ఘాట్ మీదుగా బెంగళూరుకో రాత్రిళ్లు ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది నిజంగా అవసరమే, అందుకే నాకింత కోపం. అవసరం ఉన్నవాడి దగ్గరికే వాళ్లు రాలేకపోతున్నారు! కట్టే ముందు టోయింగ్ (ఆగిన బండిని మోసుకెళ్లడం) ఎన్ని కిలోమీటర్లు, ఏడాదికి ఎన్నిసార్లు, పలమనేరులోనో పీలేరులోనో వాళ్ల మనిషి ఉన్నాడా అని అడగండి. పంక్చర్ వేయడానికి, పెట్రోల్ తేవడానికి వస్తారు కానీ, పెట్రోల్ డబ్బు, స్పేర్ పార్టుల డబ్బు చాలా పాలసీల్లో మనదే. జాతీయ రహదారి మీద ఆగితే 1033 హెల్ప్‌లైన్‌కు కూడా చెప్పొచ్చు, దానికి ఏ పాలసీ అక్కర్లేదు.

అసలు ఇది వాడి నెత్తిన పడిందే షోరూమ్‌లో, ఆ రోజు కడుపుమంట నాకింకా చల్లారలేదు. ఆన్‌రోడ్ ధర అని ఒకే ఒక అంకె చెప్పారు. విడదీసి రాసివ్వమంటే మొహం చిట్లించారు. గట్టిగా అడిగితే అందులో బండి కంపెనీ తరఫున ఒక అసిస్టెన్స్ ప్లాను, ఇన్సూరెన్స్‌లో యాడ్ఆన్‌గా, అంటే అదనపు కవర్‌గా, మళ్లీ అదే అసిస్టెన్స్! ఒకే పనికి రెండుసార్లు డబ్బు. దాని కింద హ్యాండ్లింగ్ చార్జీలు, టెఫ్లాన్ కోటింగ్. చట్టం తప్పనిసరి చేసిన ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఒక్కటే, ఈ అసిస్టెన్స్ లాంటి యాడ్ఆన్‌లన్నీ మన ఇష్టం. పాలసీ వాళ్ల దగ్గరే తీసుకోవాలనే రూలు కూడా లేదు. కానీ బయట తీసుకుంటామంటే డెలివరీ ఆలస్యమవుతుందని బెదిరిస్తారు. 1989 మోటారు వాహనాల నిబంధనల్లో 138వది, టూవీలర్ కొన్నప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాల ప్రకారం ఉన్న హెల్మెట్ ఇవ్వాలని చెబుతోంది. అది అడిగితే స్టాకు లేదన్నారు. తలకు పెట్టుకోవాల్సింది ఇవ్వరు, అడగనివి మాత్రం రెండేసిసార్లు అంటగడతారు. అప్పు చేసి బండి కొనుక్కునే పిల్లల దగ్గర ఈ దోపిడీ ఏమిటి?

ఈసారి రెన్యువల్‌లో ఆ యాడ్ఆన్ తీయించేస్తున్నాను. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫిర్యాదు రాశాను. వాళ్లు పలక్కపోతే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో పెడతాను, 155255కి ఫోన్ కూడా చేయొచ్చు. మీకూ ఇలా జరిగి ఉంటే వదిలేయకండి, రాని సర్వీసు పూర్తయిందని వచ్చిన మెసేజ్‌ను డిలీట్ చేయకుండా దాచండి, ఫిర్యాదుకు జతచేయండి. భాకరాపేట, పీలేరు, మొగిలి వైపు రాత్రిపూట వచ్చే మెకానిక్‌లు, పికప్ వాళ్లు ఎవరైనా తెలిసుంటే, వాళ్లను అడిగి, సరేనంటే నంబర్లు నాకు పంపండి. మా తమ్ముడు వచ్చే వారం మళ్లీ మదనపల్లె వెళ్లాలి.