10 జట్లతో ఐపీఎల్ పాడైందా? ఒక్కో మాటకీ జవాబు

ఐపీఎల్ మొదలైతే చాలు, ఒక వాదన ఫోన్ల నిండా తిరుగుతుంది. వాక్యాలు అటూ ఇటూ మారతాయి గానీ సారం ఒకటే. 8 జట్లున్నప్పుడే ఐపీఎల్ బాగుండేది. 2022లో లక్నో, గుజరాత్‌లను చేర్చి 10 చేసి ఆటను పలచన చేశారు. కొత్త జట్లకు డబ్బే తప్ప అభిమానులు లేరు. గ్రూపుల లెక్కలు పెట్టి పాత వైరాలను చంపేశారు. ఆటగాడి వెనకాలే జట్టు మార్చేవాళ్లు అసలు అభిమానులే కాదు. ఇదంతా డబ్బు కోసమే.

ఈ అయిదింటిలో ఒకటి సగం నిజం. ఇంకొకటి పూర్తిగా నిజమే, కాకపోతే దానివల్ల తేలేదేమీ లేదు. మిగతా మూడూ నిలబడవు.

“జట్లు పెరిగాయి, నాణ్యత పోయింది”

పాలలో నీళ్లు కలిపితే పలచనవుతాయి కదా అన్నంత తేలిగ్గా చెప్పేస్తారు ఈ మాట. లెక్క చూద్దాం. తుది జట్టులో విదేశీ ఆటగాళ్లు నలుగురికి మించకూడదు. అంటే జట్టుకు కనీసం 7 మంది మనవాళ్లు ఆడాలి. 8 జట్లయితే 56 మంది, 10 జట్లయితే 70 మంది. పెరిగింది 14 స్థానాలు. రంజీ ట్రోఫీలో 38 జట్లు ఆడే దేశంలో ఇంకో 14 మంది టీ20 ఆడగలవాళ్లు దొరకరా?

దొరికారు. 2022 వేలంలో గుజరాత్ టైటాన్స్ 20 లక్షల కనీస ధరకు తీసుకున్న సాయి సుదర్శన్ 2023 ఫైనల్లో 96 కొట్టాడు. 2025లో 759 పరుగులతో, అత్యధిక పరుగులకిచ్చే ఆరెంజ్ క్యాప్ గెలిచాడు. మోహిత్ శర్మది ఇంకా చిత్రమైన కథ. 2014లో చెన్నై తరఫున, అత్యధిక వికెట్లకిచ్చే పర్పుల్ క్యాప్ అందుకున్న బౌలర్, 2022కి వచ్చేసరికి గుజరాత్‌లో ప్రాక్టీసుకు బంతులేసే నెట్ బౌలర్. మరుసటి ఏడాది అదే జట్టుకు ఆడి 27 వికెట్లు తీశాడు. ఈ ఇద్దరూ 2022లో పుట్టిన జట్టు చలవతోనే మన కళ్ల ముందుకొచ్చారు.

“మరి ఈ భారీ స్కోర్ల మాటేమిటి? బౌలింగ్ పలచబడబట్టే కదా?” అని వెంటనే అడుగుతారు. అలాగైతే 10 జట్లు వచ్చిన 2022లోనే స్కోర్లు ఆకాశాన్ని అంటాలి. ఆ ఏడాది అత్యధిక స్కోరు 222. అప్పటికి రికార్డు 263, అదీ 2013లో బెంగళూరు కొట్టింది. ఆ రికార్డు పోయింది 2024లో, సన్‌రైజర్స్ ముందు 277, తర్వాత 287 కొట్టినప్పుడు. 2022కీ 2024కీ మధ్య కొత్త జట్టేమీ రాలేదు. వచ్చింది 2023లో, మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాణ్ని మార్చుకోనిచ్చే ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన. చేతిలో ఒక బ్యాటర్ అదనంగా ఉన్నాడన్న ధైర్యం ఉంటే ఓపెనర్ మొదటి బంతి నుంచే బాదుతాడు. ఆ కోపం ఆ నిబంధన మీద చూపించాలి గానీ లక్నో మీదో గుజరాత్ మీదో కాదు.

“కొత్త జట్లకు అభిమానులెక్కడ?”

2008లో చెన్నై కొత్త జట్టు కాదా? ముంబై కాదా? ఆ మాటకొస్తే మనం నారింజ చొక్కాలు వేసుకుని అరిచే సన్‌రైజర్స్ పుట్టింది 2013లో. గుజరాత్ తొలి సీజన్‌లోనే, 2022లో, అహ్మదాబాద్‌లో లక్షమందికి పైగా ప్రేక్షకుల ముందు కప్పు గెలిచింది. ప్రో కబడ్డీ 2017లో 8 నుంచి 12 జట్లకు పెరిగినప్పుడూ ఇదే గోల. ఆ ఏడాది కొత్తగా చేరిన గుజరాత్ వరసగా రెండు ఫైనల్స్ ఆడింది, హర్యానా స్టీలర్స్ 2024 సీజన్‌లో టైటిల్ కొట్టింది.

గెలిచారు కాబట్టి అభిమానులు వచ్చారు అంటారా? అమెరికా బేస్‌బాల్‌లో న్యూయార్క్ మెట్స్ 1962లో కొత్తగా వచ్చి 40 గెలిచి 120 ఓడింది. నవ్వులపాలైంది. అయినా న్యూయార్క్ వాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, ఎందుకంటే 1957 సీజన్ అయ్యాక ఆ నగరంలోని రెండు జట్లు, డాడ్జర్స్, జెయింట్స్, మూటాముల్లె సర్దుకుని కాలిఫోర్నియా వెళ్లిపోయాయి. ఓడిపోయే జట్టుని జనం భరిస్తారు. లేకుండా పోయిన జట్టుని భరించలేరు. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

“గ్రూపులు పెట్టి పాత వైరాలను చంపేశారు”

సగం నిజం ఇదే. 8 జట్లున్నప్పుడు ప్రతి జట్టూ మిగతా 7 జట్లతో రెండేసి మ్యాచ్‌లు ఆడేది, మొత్తం 14. ఎవరికీ పేచీ లేదు. 10 జట్లకు అదే పద్ధతి పాటించాలంటే జట్టుకు 18 మ్యాచ్‌లు, లీగ్ దశకే 90, ప్లేఆఫ్స్‌తో కలిపి 94. అన్ని మ్యాచ్‌లకు వేసవిలో రోజుల్లేవని 14 దగ్గరే ఆపారు. అందుకే ఈ గ్రూపుల తిప్పలు. 2022లో అయిదేసి జట్లతో రెండు గ్రూపులు చేసి, సొంత గ్రూపులోని నాలుగింటితో రెండేసి, అవతలి గ్రూపులో తన వరసలో ఉన్న జట్టుతో రెండు, మిగతా నాలుగింటితో ఒక్కొక్కటి. 2023లో దాన్ని తిప్పేసి అవతలి గ్రూపులోని అయిదింటితో రెండేసి, సొంత గ్రూపుతో ఒక్కొక్కటి పెట్టారు. పాయింట్ల పట్టిక మాత్రం అందరికీ ఒకటే. ఒకరికి బలమైన జట్టు రెండుసార్లు తగులుతుంది, ఇంకొకరికి ఒక్కసారే. చివరికి నెట్ రన్‌రేట్ దగ్గర తేలే లీగ్‌లో ఇది చిన్న అన్యాయం కాదు. 2024 లీగ్ దశలో ముంబై, చెన్నై ఒక్కసారే తలపడ్డాయి. ఆ ఏడాది చెన్నై సొంత మైదానం చెపాక్‌లో ఆ మ్యాచ్ లేదు. దాని మీద అలిగినవాళ్లను నేను తప్పుపట్టను.

తప్పు జట్ల సంఖ్యదా, షెడ్యూల్‌దా అన్నదే ప్రశ్న. 2022లో ముంబై, చెన్నై వేర్వేరు గ్రూపుల్లోనే ఉన్నాయి, కానీ ఒకే వరసలో పెట్టడం వల్ల రెండుసార్లు ఆడాయి. అంటే కావాలనుకుంటే వైరాన్ని కాపాడొచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ 2002లో హ్యూస్టన్‌ను చేర్చి 32 జట్లను 8 డివిజన్లుగా మళ్లీ పంచింది. మ్యాప్ చూసి పంచి ఉంటే టెక్సస్‌లోని డాలస్ కౌబాయ్స్ తూర్పు డివిజన్‌లో ఉండకూడదు. అయినా వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌లతో దాని పాత పగలు అంత విలువైనవని అక్కడే ఉంచేశారు. భూగోళం కాస్త వంకర పోయిందని ఎవరూ ఏడవలేదు.

చెడగొట్టడం ఎలాగో చూడాలంటే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ దగ్గరికి వెళ్లాలి. 1967లో 6 జట్ల లీగ్‌ను ఒక్కసారే 12 చేసి, కొత్త 6 జట్లన్నిటినీ ఒకే డివిజన్‌లో పెట్టారు. ఫలితంగా ఫైనల్‌కి ఒక కొత్త జట్టు ఖాయం. సెయింట్ లూయిస్ బ్లూస్ వరసగా మూడేళ్లు ఫైనల్ ఆడి, మూడింటిలో కలిపి 12కి 12 మ్యాచ్‌లు ఓడింది. దాంతో 1970లో డివిజన్లు మళ్లీ సర్దారు. అదే లీగ్‌లో 2017లో చేరిన వేగస్‌ను పాత జట్ల మధ్యే పెడితే తొలి ఏడాదే ఫైనల్ చేరింది, 2023లో కప్పు గెలిచింది. కొత్తవాళ్లను ఎలా కలిపారన్నదే తేడా.

మన దగ్గరా మార్గం లేకపోలేదు. 2023-27 ప్రసార హక్కులు అమ్మినప్పుడే 2025 నుంచి 84, 2027లో 94 మ్యాచ్‌ల దాకా వెళ్లే వీలు పెట్టుకున్నారు. 2025 వచ్చింది, మ్యాచ్‌లు మాత్రం 74 దగ్గరే ఆగాయి. అడగాల్సింది ఆ 20 మ్యాచ్‌ల గురించి.

“ఆటగాడి వెనక జట్టు మార్చేవాడు అభిమాని కాదు”

నాకు ఒళ్లు మండేది ఈ మాటకే. ఎందుకంటే దీన్ని చాలాసార్లు మనవాళ్లకే వినిపిస్తారు.

హైదరాబాద్ మొదటి ఐపీఎల్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ అభిమానినే తీసుకోండి. 2008లో లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిదీ ఉన్న జట్టు అట్టడుగున నిలిచింది. భరించాడు. 2009లో అదే జట్టు దక్షిణాఫ్రికాలో బెంగళూరును 6 పరుగులతో ఓడించి కప్పు గెలిచింది. గాల్లో తేలాడు. 2011 వేలంలో రోహిత్ ముంబై వెళ్లిపోయాడు. సర్దుకున్నాడు. 2012 సెప్టెంబరులో ఆ జట్టునే రద్దు చేశారు. ఇప్పుడు చెప్పండి, ఇతను ఎవరికి విధేయుడిగా ఉండాలి? రోహిత్ వెనక ముంబై వెళితే “జట్టు మార్చాడు” అంటారు. సన్‌రైజర్స్‌ను పట్టుకుంటే అదీ మార్చినట్టే. స్టెయిన్, సంగక్కర, ధావన్ లాంటి ఛార్జర్స్ ఆటగాళ్లు చాలామంది సన్‌రైజర్స్‌కు వచ్చారు. 2009 ట్రోఫీ మాత్రం రాలేదు. హైదరాబాద్ పేరుతో ఆడిన జట్లు రెండు కప్పులు గెలిచినా సన్‌రైజర్స్ ఖాతాలో ఉన్నది 2016దొక్కటే. మరి మొదటిది ఎవరిది?

వేరే చోట్ల ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. 1995లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ యజమాని తన జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించాడు. ఊరు ఊరంతా తిరగబడింది, కోర్టుల దాకా వెళ్లింది. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, ఆటగాళ్లు, సిబ్బంది వెళ్లొచ్చు. పేరు, రంగులు, రికార్డులు క్లీవ్‌లాండ్‌లోనే ఉంటాయి. బాల్టిమోర్ జట్టు రేవెన్స్ అనే కొత్త పేరుతో మొదలైంది, 1999లో క్లీవ్‌లాండ్‌కు బ్రౌన్స్ పాత చరిత్రతో సహా తిరిగొచ్చింది. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి వచ్చినప్పుడు అభిమానులు ఇంకో దారి పట్టారు. సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకుని 9వ అంచె నుంచి మొదలై, 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కొచ్చారు. తరలిపోయిన క్లబ్ 2007లో పాత వింబుల్డన్ ఘనతల మీద హక్కు వదులుకుంది. అందులో 1988 ఎఫ్ఏ కప్ కూడా ఉంది. మనకు ఇలాంటి ఏర్పాటేదీ లేదు. అలాంటి చోట అభిమాని రంగు మారింది కదా అని వేలెత్తి చూపించడం అన్యాయం.

ఇంకో సంగతి. మూడు నాలుగేళ్లకోసారి మెగా వేలం పెట్టి గుప్పెడు మందిని మినహా జట్టంతా విడగొట్టేది లీగే. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్ వార్నర్‌ను 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి దించి, తర్వాత తుది జట్టులోంచీ తప్పించారు. 2022 మే 5న అతను ఢిల్లీ తరఫున అదే సన్‌రైజర్స్ మీద 92 నాటౌట్ కొట్టాడు. ఆ రాత్రి చాలామంది హైదరాబాద్ అభిమానులు రెండు వైపులా చప్పట్లు కొట్టారంటే నేను నమ్ముతాను. జట్టు ఆటగాణ్ని వదిలేయొచ్చు, ఆటగాడు జట్టును వదిలేయొచ్చు, యజమాని రెంటినీ వదిలేయొచ్చు. అభిమానికి ఒక్కడికే ఆ హక్కు లేదట!

2024 మార్చి 31న విశాఖలో ఢిల్లీకి అది సొంత మ్యాచ్, ప్రత్యర్థి చెన్నై. స్టాండ్లు పసుపుమయం. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు, మ్యాచ్ ఢిల్లీ గెలిచింది, కేకలు మాత్రం ధోనీకే. వాళ్లు అభిమానులు కాదంటారా? చెన్నై జట్టును రెండేళ్లు సస్పెండ్ చేసి, 2018లో తిరిగొచ్చాక దాని మ్యాచ్‌లను పుణెకు మారిస్తే ప్రత్యేక రైల్లో వెళ్లి చూసినవాళ్లూ ఉన్నారు. ఒకరు మనిషిని పట్టుకున్నారు, ఒకరు ఊరిని, చాలామంది రెంటినీ. ఇందులో ఒకటి అసలు, ఒకటి నకిలీ అని ముద్ర వేసే అధికారం ఎవరికీ లేదు.

“అంతా డబ్బు కోసమే”

అవును. 2008లోనూ డబ్బు కోసమే. ఆ 8 జట్లను కలిపి 72 కోట్ల డాలర్లకు పైగా అమ్మారు. 2021లో లక్నోకు 7,090 కోట్లు, గుజరాత్‌కు 5,625 కోట్లు వచ్చాయి. ప్రసార హక్కులు 16,347.5 కోట్ల నుంచి 48,390 కోట్లకు ఎగిశాయి. 8 జట్ల లీగ్ పవిత్రం, 10 జట్లది వ్యాపారం అనే గీత ఎక్కడుందో నాకైతే కనబడదు.

2011లో వచ్చిన పుణె, కొచ్చి నిలబడలేదు కదా అని ఈ పాయింటుకు తోకగా తగిలిస్తారు. నిజమే. బ్యాంకు గ్యారంటీ ఇవ్వలేదని కొచ్చిని ఒక్క సీజన్‌కే తీసేశారు. 94 మ్యాచ్‌లు ఉంటాయని లెక్కగట్టి కొన్నాం, అన్ని పెట్టలేదని పుణె యజమానులు గొడవపడి 2013లో తప్పుకున్నారు. కానీ అదే వరసలో, అదే గ్యారంటీ పేచీతో పోయిన మూడో జట్టు డెక్కన్ ఛార్జర్స్. అది కొత్త జట్టు కాదు, తొలి 8 జట్లలో ఒకటి. చెన్నై, రాజస్థాన్ కూడా వాటిలోవే, సస్పెండ్ అయినవీ అవే. జట్ల సంఖ్య తక్కువుంటే లీగ్ భద్రంగా ఉంటుందన్నది ఆ తొలి 8 జట్ల చరిత్రే ఒప్పుకోదు.

కాబట్టి ఈసారి ఆ మెసేజ్ వస్తే, పంపినవారిని 8 జట్ల కోసం కాకుండా రెండు పనికొచ్చే విషయాలు అడగమనండి. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో రెండుసార్లు ఆడే షెడ్యూల్ ఒకటి. యజమాని చేతులెత్తేసినా జట్టు పేరు, రంగులు, ట్రోఫీలు ఆ ఊరికే మిగిలేలా ఒప్పందంలో ఒక షరతు రెండోది. ఈ రెండింటికీ ఒక్క జట్టును కూడా తగ్గించక్కర్లేదు.