మైకుకు భయపడిన పార్టీ

అమెరికా సెనేట్ 2013 జూన్ 27న వలస సంస్కరణల బిల్లును 68-32 ఓట్లతో ఆమోదించింది. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న పరిమితిని ఎత్తేసే నిబంధన అందులో ఉంది. ఏళ్ల తరబడి క్యూలో ఉన్న అక్కడి తెలుగు కుటుంబాలకు దాని విలువేమిటో చెప్పక్కర్లేదు. ఆ బిల్లు ప్రతినిధుల సభలో ఓటింగ్‌ దాకా కూడా రాలేదు. రిపబ్లికన్ల చేతిలో ఉన్న ఆ సభలో స్పీకర్ జాన్ బేనర్ దాన్ని పక్కన పెట్టేశారు. కారణాలు చాలానే ఉన్నాయి. అక్రమ వలసదారులకు క్షమాభిక్ష పెడుతున్నారంటూ రోజూ గంటల తరబడి హోరెత్తించిన సంప్రదాయవాద టాక్ రేడియో (పాటలు కాకుండా హోస్టు మాటలతో నడిచే కార్యక్రమాలు) వాటిలో చిన్నదేమీ కాదు.

ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చెప్పే వీలు లేని మన దేశంలో రేడియోకు అంత బలమా అనిపించవచ్చు. ఆ బలం వెనుక కథ ఇది. వివాదాస్పద అంశాలపై భిన్నాభిప్రాయాలకూ చోటివ్వాలని 1949లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ పెట్టిన నియమం 1987లో రద్దయింది. పాటల శ్రోతలు ఎఫ్‌ఎంకు వెళ్లిపోగా ఏఎం స్టేషన్లు వెలవెలబోతున్న కాలమది. మరుసటి ఏడాది ఆగస్టులో సంప్రదాయవాద హోస్ట్ రష్ లింబా కార్యక్రమం దేశవ్యాప్తంగా మొదలైంది. స్టేషన్లు డబ్బు కట్టక్కర్లేదు, కొంత ప్రకటనల సమయం వదులుకుంటే చాలు. అప్పనంగా వస్తున్న షోను కాదనేదెవరు? పెద్ద మీడియా తమను చిన్నచూపు చూస్తోందని నమ్మిన లక్షల మందికి అతను సొంత మనిషయ్యాడు. వాళ్ల ఉక్రోషమంతా కల్పితమని కొట్టిపారేయడం పొరపాటు.

1994లో రిపబ్లికన్లు 40 ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభను గెలిస్తే, కొత్త సభ్యులు లింబాకు తమ బృందంలో గౌరవ సభ్యత్వం ఇచ్చారు. 2007లో అధ్యక్షుడు బుష్ వలస బిల్లు సెనేట్‌లో ఇరుక్కున్నప్పుడు, దేశాన్ని టాక్ రేడియో నడుపుతోందని వాపోయిన ట్రెంట్ లాట్ డెమొక్రాట్ కాదు, రిపబ్లికన్ సెనేటరే. 2009లో లింబాను వినోదకారుడన్న పార్టీ జాతీయ ఛైర్మన్ మైకేల్ స్టీల్ వెంటనే క్షమాపణ చెప్పుకున్నారు. ఓ పార్టీ అధ్యక్షుడు రేడియో వ్యాఖ్యాతకు సంజాయిషీ ఇచ్చుకోవడమేమిటి!

హోస్టు బతుకుతెరువు ప్రకటనలు. శ్రోత స్టేషన్ మార్చకుండా ఉండాలంటే కోపం రాజుకుంటూ ఉండాలి. చట్టసభలో పని జరగాలంటే రాజీ కావాలి, ఆ రాజీని ద్రోహమంటేనే షో రక్తి కడుతుంది. తక్కువ మంది ఓటేసే ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, ఈ శ్రోతల బలం మరీ ఎక్కువ. 2014 జూన్‌లో సభలో రిపబ్లికన్ల నాయకుడు ఎరిక్ కాంటర్‌ను ఓ అర్థశాస్త్ర ప్రొఫెసర్ ప్రైమరీలోనే ఓడించాడు. ఆ ప్రొఫెసర్ తరఫున రేడియో హోస్ట్ లారా ఇంగ్రహమ్ ప్రచారం చేశారు. ఆ తర్వాత వలస బిల్లు ఊసెత్తడానికి ఎవరికి ధైర్యం?

1987లో రద్దయిన నియమాన్ని తిరిగి తేవాలన్న వాదనతో మేం ఏకీభవించం. ఏది సమతూకమో తేల్చే అధికారం ప్రభుత్వం చేతికిస్తే, అది రేపు ఏ పార్టీకి ఆయుధమవుతుందో తెలియదు. ఒక కంపెనీ దేశం మొత్తంలో ఎన్ని స్టేషన్లు ఉంచుకోవచ్చన్న పరిమితిని 1996 చట్టం ఎత్తేశాక వందల స్టేషన్లు ఒక్కో కంపెనీ చేతుల్లోకి పోయాయి, కదపాల్సింది దాన్ని. హోస్టులు ఏమైనా అనుకోనివ్వండి, వాళ్లు ఎవరి ఓట్లతోనూ గెలవలేదు. గెలిచిన బేనర్ 2013లో ఓటింగ్ పెట్టి ఉంటే బిల్లు నెగ్గేదో వీగేదో గానీ, ఎవరు ఎటువైపో సభ రికార్డులో ఉండేది.