పదిహేను వేల రూపాయల వారికి ఒక గుమాస్తా అర్జీ

మహారాజశ్రీ పీఎఫ్ వేతన పరిమితి గారికి,

బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో జీతాల బిల్లులు చేసుకునే గుమాస్తా నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేం క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. ఎంత జీతం దాకా పీఎఫ్ తప్పనిసరో, ఎంత జీతం మీద పెన్షన్ లెక్క కట్టాలో గీత గీసేది తమరే కదా. 2014 సెప్టెంబరు 1న 15,000 దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు, పదకొండేళ్లు నిండినా పీట జరపలేదు. ఈలోపు మా గేటు ముందు చాయ్ బండివాడు రేటు మూడుసార్లు పెంచి, గ్లాసు సైజు రెండుసార్లు తగ్గించాడు.

ఇవాళ 2025 సెప్టెంబరు 15. పీఎఫ్ చలాన్ కట్టడానికి ఆఖరి రోజు. మీ పేరులో పదిహేను, మా గడువు పదిహేను, చివరికి వృత్తి పన్ను కూడా జీతం 15,000 దాటాకే మొదలవుతుంది. సర్కారుకి ఈ అంకె మీద ఏదో మొక్కు ఉన్నట్టుంది.

తమరి లెక్క నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 12 శాతం పనివాడి జీతంలోంచి కోస్తాం. యాజమాన్యం ఇంకో 12 వేస్తుంది (అదీ సీటీసీలో, అంటే మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులో, ముందే రాసి పెట్టుకున్న డబ్బే, అది వేరే బాధ). పనివాడి వాటా మొత్తం వాడి పీఎఫ్ ఖాతాకే పోతుంది. యాజమాన్యం వాటా దారిలో చీలుతుంది: 8.33 శాతం పెన్షన్‌కి, 3.67 శాతం పీఎఫ్‌కి. బేసిక్ 15,000 అయితే చెరో 1,800. యాజమాన్యం 1,800లో 1,250 పెన్షన్‌కి పోగా 550 ఖాతాలో పడుతుంది. నిజానికి 8.33 శాతం అంటే 1,249 రూపాయల 50 పైసలే. ఆ అర్ధ రూపాయిని పూర్తి రూపాయి చేశారు. ఇన్నేళ్లలో తమరి దాతృత్వానికి నాకు దొరికిన ఆధారం అదొక్కటే.

బేసిక్ 60,000 ఉన్న మేనేజరు గారి పేరు మీదా పెన్షన్‌కి వెళ్లేది ఆ 1,250నే. కంపెనీ ఒప్పుకుంటే ఆయన పూర్తి బేసిక్ మీద 7,200 పీఎఫ్ కట్టుకోవచ్చు. పెన్షన్ మాత్రం మీ ఎత్తు దాటదు.

మేం మిమ్మల్ని వాడుకలో సీలింగ్ అంటాం. మా తాతల కాలంలో ఇంకో సీలింగ్ ఉండేది, భూమికి. 1973 చట్టం వచ్చాక దొరలు భూముల్ని పాలేర్ల పేర్ల మీద, దూరపు చుట్టాల పేర్ల మీద రాసి బయటపడ్డారు. మీ దగ్గర కూడా అదే విద్య నడుస్తోంది. 18,000 జీతగాడికి బేసిక్ 9,000 రాసి, మిగతాది కన్వేయెన్స్ అని, వాషింగ్ అని, స్పెషల్ అలవెన్స్ అని బినామీల పేర్ల మీద పెడతారు. పీఎఫ్ 1,800 పడాల్సిన చోట 1,080 పడుతుంది. వాషింగ్ అలవెన్స్ తీసుకునే మా వెల్డరు యూనిఫాం ఇప్పటికీ ఇంట్లో వాళ్లావిడే ఉతుకుతుంది. 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు, అందరికీ ఒకే తీరున ఇచ్చే అలవెన్సులు బేసిక్ కిందికే వస్తాయని చెప్పింది. ఆ వారమే మా దగ్గర కొన్ని అలవెన్సులకు పేర్లు మారాయి. ఆ పేర్లు పెట్టింది నేనే, దాచి లాభం లేదు.

తమరు మొదట్నించీ ఇంత స్థిరచిత్తులు కారు. 1952లో 300 రూపాయల పసివారు. 1957లో 500, 1962లో 1,000. తర్వాత పద్నాలుగేళ్లు కునుకు తీసి 1976లో 1,600. ఆపైన 2,500, 3,500, 5,000 అంటూ చకచకా మెట్లెక్కి 2001లో 6,500 చేరారు. అక్కడ పదమూడేళ్లు. మీకు బాగా అలవాటైపోయింది ఆ పదమూడేళ్ల నిద్రేనేమో.

ఆ నిద్ర ఖరీదు ఎంతో మొన్న మా లేత్ మిషన్ పెద్దాయన దగ్గర తెలిసింది. 1999లో చేరారు, ఈ నెలతో 58 నిండుతాయి. "సారూ, పెన్షన్ ఎంతొస్తదో జర జెప్పు" అని కాగితం ముందు పెట్టారు. సూత్రం చెప్పాను: జీతం ఇంటూ సర్వీసు, బై 70. జీతమంటే చివరి అరవై నెలల సగటు, అదీ మీ ఎత్తు వరకే. ఆయన 15,000ని 26తో గుణించబోయారు. ఆగమన్నాను. 2014 ఆగస్టు దాకా చేసిన పదిహేనేళ్లకు తమరి పూర్వావతారం 6,500తోనే గుణించాలి. 15,000 వర్తించేది ఆ తర్వాతి పదకొండేళ్లకే. రెండేళ్లు బోనస్ సర్వీసు కలిపినా నాలుగు వేలకు కాస్త అటూ ఇటూ తేలింది.

"నెలకా?" అన్నారు.

నెలకే అన్నాను. ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "మా కిరాయే ఆరు వేలు" అని మిషన్ దగ్గరికి వెళ్లిపోయారు.

తమరి అన్నగారు, అంటే కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐకి ఉన్న జీతం పరిమితి, కొంచెం నయం. కొన్నాళ్లు ఇద్దరూ సమానంగా 15,000 ఎత్తులోనే ఉన్నారు. ఆయన 2017 జనవరిలో 21,000కి లేచి, అక్కడ ఆయనా కూలబడ్డారు. పైగా ఆయన బేసిక్ చూడరు, దాదాపు మొత్తం జీతమే చూస్తారు. ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకమ్మాయికి 20,600 నుంచి 21,300కి పెంచుతామంటే, "వద్దు సార్, మా అమ్మ మందులు ఈఎస్ఐల నుంచే వస్తయి" అంది. నెలకు 155 రూపాయల కటింగుతో పాటు ఆసుపత్రి కూడా పోతుందని ఆమె లెక్క. ఇంక్రిమెంటు వద్దని బతిమాలే మనిషిని చూడటం నాకు అదే మొదలు.

ఒక్క మాట అడిగి ముగిస్తాను. తమరి పెద్ద కచేరీ ఉన్న ఢిల్లీలో, ఏ నైపుణ్యమూ లేని పనివాడికి ఈ ఏప్రిల్ నుంచి కనీస వేతనం 18,456. అంటే అక్కడ కొత్తగా పనిలో చేరి ఇటుకలు మోసేవాడు కూడా మీ దృష్టిలో పెద్ద జీతగాడే. వాణ్ణి పీఎఫ్‌లో చేర్చుకోవడం యజమానికి తప్పనిసరి కాదు. 2014 సెప్టెంబరు తర్వాత 15,000 దాటిన జీతంతో మొదటిసారి చేరిన మా ఇంజనీరు పిల్లలకు మీ పెన్షన్ గేటు ఎలాగూ మూసే ఉంది. ఇక మీ కింద నికరంగా మిగిలేది ఎవరు? బేసిక్ తగ్గించి రాసుకున్నవాళ్లూ, తగ్గించి రాసిన నాలాంటివాళ్లూ.

పోర్టల్ మళ్లీ ఓటీపీ అడుగుతోంది. పెద్దాయన పేరు మీద ఇది ఆఖరి చలాన్‌కి ముందుది. 1,800 పక్కన 1,250, ఆ పక్కన 550 కొట్టి పంపిస్తున్నాను.

ఇట్లు,
తమరి నీడలో జీతాలు విరగ్గొట్టే గుమాస్తా

తా.క.: ఈ నెల నుంచి మా క్యాషియరు జీతం పెరిగింది. బేసిక్ అంతే ఉంచమన్నారు. పెరిగిన 2,000కి ఏం పేరు పెట్టాలో తోచక, ప్రస్తుతానికి 'ఇతరములు' అని రాశాను.