మహారాజశ్రీ ‘ఏటీ నేదు’ గారి దివ్య సముఖానికి

అయ్యా,

తమరు నాగావళికి ఏ గట్టున పుట్టారో నాకు తెలీదు. ఆధార్ కార్డు లేదు గానీ ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా తమరు కాపురం లేని ఇల్లు లేదు. జ్వరమొస్తే ఏటీ నేదు. అల్లుడు అలిగి బస్సెక్కేస్తే ఏటీ నేదు. 2018లో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడగొట్టిన తరవాత ఎలాగో ఫోను కలిస్తే, “ఏటైనాది మావా?” అన్నాను. మావ నోట ముందుగా వచ్చింది తమరే. ఆ రోజు తమరికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఈ ఉత్తరం ఆ దండం వెనక్కి తీసుకోడానికి కాదు. తమరు పళ్ళ డాక్టరు కుర్చీ దాకా ఎక్కేశారు, ఆ సంగతి మాటాడదామని.

మావకి దవడపన్ను పోటు మొదలై ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ లవంగాలు మావవి, జవాబులు తమరివి. చివరికి బుగ్గ బూరెలా పొంగితే శ్రీకాకుళం లాక్కొచ్చాను. చిన్న వయసు డాక్టరమ్మ. కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. బీపీ ఉందా? షుగరుందా? గుండె జబ్బా? ఏ మందైనా పడకపోవడం ఉందా? రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా? అయిదింటికీ తమరే హాజరు. “ఏటీ నేదమ్మా, ఏటీ నేదు.” పక్కనున్న అమ్మాయి అయిదు చోట్లా ‘లేదు’ మీద టిక్కు పెట్టేసింది.

కుర్చీ వెనక్కి వాలింది. మావ జేబులోంచి సగం ఖాళీ అయిన మాత్రల అట్ట జారి, టైల్స్ మీద చప్పుడు చేసుకుంటూ డాక్టరమ్మ చెప్పుల దగ్గర ఆగింది. ప్రొప్రనలాల్.

“రోజూ వేసుకునే మందులున్నాయా అంటే లేవన్నారే?”

“మందులంటే జబ్బుకి కదమ్మా! ఇది సేతులొణుకుతాయని ఏసుకుంటన్నాను.”

చూశారా, అబద్ధం కాదు. మావ లెక్కలో వణుకు జబ్బు కాదు, మాత్ర మందు కాదు. తమరి గొప్పదనమే అది, నిజాయితీపరుడి నోట్లోంచి కూడా వచ్చేస్తారు.

ఆ మాత్రతో పేచీ ఏమిటో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పన్ను పీకే ముందు వేసే తిమ్మిరి సూదిలో ఎక్కువగా ఉండేది లిగ్నోకెయిన్. నొప్పి కబురు మోసే నరంలో సోడియం వెళ్ళే దారిని అది కాసేపు మూసేస్తుంది. దానికి తోడు చిటికెడు అడ్రినలిన్ కలుపుతారు. అది రక్తనాళాల్ని బిగించి మందుని ఉన్నచోటే ఆపుతుంది, నెత్తురూ తక్కువ కారుతుంది. ప్రొప్రనలాల్ వేసుకునేవాళ్ళలో ఆ అడ్రినలిన్‌కి బీపీ ఒక్కసారిగా ఎగబాకి, గుండె వేగం పడిపోవచ్చు. పైగా లిగ్నోకెయిన్‌ని కాలేయం వదిలించుకునే వేగాన్ని కూడా ఈ మాత్ర తగ్గిస్తుంది. అంటే తమరు ‘నేదు’ అని కొట్టిపారేసిన ఒక్క అట్ట, రెండు వైపులా పనిచేస్తుందన్నమాట.

ఇదంతా విని మావ, “అయితే రేపట్నించీ మానీసొస్తాను” అన్నాడు. డాక్టరమ్మ ఉలిక్కిపడింది. అది ఉన్నపళాన మానేసే మాత్ర కాదట, గుండెకి ప్రమాదమట. రాసిన డాక్టరుతో ఫోనులో మాట్లాడుతానంది.

ఆ రోజు పన్ను పీకలేదు. తమరు ఎనిమిది నెలలు పెంచిన చీము ఉంది కదా. చీము పట్టినచోట ఆమ్లం ఎక్కువ, అక్కడ మందు నరంలోకి సరిగా దిగదట. “అయితే ఇంకో నాలుగు సూదులెయ్యమ్మా” అని మావ ఉదారంగా సలహా ఇచ్చాడు. సంతలో బెండకాయలకి కొసరు అడిగినట్టు! దీనికి తూకం ఉంది. అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ అయితే కిలో బరువుకి సుమారు 4.5 మిల్లీగ్రాములు, ఎంత లావాటి మనిషికైనా మొత్తం 300 దాటకూడదు. రెండు శాతం మందంటే మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు. ఇంట్లో మా మనవరాలు పదకొండు కిలోలుంటుంది. దానికి రెండున్నర మిల్లీలీటర్లతోనే గీత అయిపోతుంది. సూది వేసే ముందు బరువడిగితే నవ్వుకునేవాణ్ణి, ఇక నవ్వను.

మోతాదు మించినా, పొరపాటున రక్తనాళంలోకి పోయినా మందు ముందుగా మెదడు తలుపు తడుతుంది. నోట్లో ఇనప రుచి, చెవుల్లో గుయ్యిమనడం, తల తిరగడం, మాట తడబడటం. అప్పటికీ ఎవరూ కనిపెట్టకపోతే ఫిట్స్, ఆపైన గుండె. అందుకే సూది గుచ్చాక పిస్టన్ కొంచెం వెనక్కి లాగి నెత్తురొస్తుందేమో చూస్తారు, మందు మెల్లగా ఎక్కిస్తారు, మధ్యమధ్యలో “ఎలా ఉందండీ?” అని అడుగుతారు. ఆ ప్రశ్న మర్యాదకి అడిగేది కాదు మహాప్రభో! చెవిలో గుయ్యిమంటుంటే తమరు అక్కడ ప్రత్యక్షమై “ఏటీ నేదు” అంటే, ఆవిడ ఇంకాస్త ఎక్కిస్తుంది.

1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ ఈ మందు తయారుచేస్తే, ఆయన జతగాడు లుండ్‌క్విస్ట్ సూది తన ఒంట్లోనే పొడుచుకుని చూశాడు. ఆయన గాని మా సోంపేట వాడై ఉంటే, ఏమనిపించిందని అడిగినప్పుడు తమరినే చెప్పి ఊరుకునేవాడు. ప్రపంచానికి లిగ్నోకెయిన్ దక్కేది కాదు.

తమరి తమ్ముడు ‘ఏటీ అవదు’ గారికీ రెండు ముక్కలు. పోయినేడు మనవరాలికి పళ్ళొస్తుంటే, పక్కింటావిడ తన ట్యూబు తెచ్చి “చిగుళ్ళకి రాసీండి, ఏటీ అవదు” అంది. అట్ట మీద బెంజోకెయిన్ అని ఉంది. రెండేళ్ళలోపు పిల్లలకి అది వాడొద్దని అమెరికా మందుల సంస్థ 2018లో గట్టిగా చెప్పింది, కొందరిలో నెత్తురు ప్రాణవాయువుని మోయలేక ఒళ్ళు నీలంగా మారుతుంది గనక. శుభ్రమైన చల్లటి తడిగుడ్డ చాలు. ట్యూబు తిరిగిచ్చేస్తే పక్కింటావిడ వారం మాట్లాడలేదు.

వారం పోయాక మళ్ళీ వెళ్ళాం. ఈసారి అత్త, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ బియ్యం సంచిలో పోసి పంపింది. అందులో రెండు ఆవుకి వేసేవి. డాక్టరమ్మ అన్నీ బల్ల మీద పరిచి చూసి, ఆవువి పక్కన పెట్టి, అడ్రినలిన్ లేని సూది కొద్దికొద్దిగా వేసి పన్ను తీసేసింది. తిమ్మిరి వదిలేదాకా టీ తాగొద్దు, పెదవి నమలొద్దు అంది. తిమ్మిరిలో కాలినా తెలీదు, కొరికినా తెలీదు.

బయట బెంచీ మీద మావ ఒక బుగ్గ వేలాడేసుకుని, దూది నొక్కుకుని కూర్చున్నాడు. మా ఊరాయన ఒకరు అటే పోతూ ఆగి, “ఏటి బావా, ఏటైనాది?” అన్నాడు.

మావ నోరు తెరిచాడు. పెదవి కలవలేదు, నాలుక లేవలేదు. “ఏ... ఈ... ఏ... ఉ” అని ఆగి, నావైపు చూశాడు.

“పన్ను పీకారు. వణుకు మాత్రలు వేసుకుంటున్నాడు, అందుకని వేరే సూది వేశారు” అని నేనే చెప్పాను.

ఇట్లు,
తమరు పలకని ఆ రెండు గంటలూ మావ పక్కన కూర్చున్న మేనల్లుడు